కొండ అట్టా కనబడే చోటు

విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసి నెల దాటింది. నరసరావుపేటలో జనం మాటిమాటికీ ఆకాశం వంక చూడటం అలవాటు చేసుకున్నారు. కొత్త మనిషి కనబడితే ఎగాదిగా చూడటం కూడా అప్పుడే అలవాటైంది. ఆ వేసవిలో ఒక పొద్దున చాంద్ బాషా ఫోటో స్టూడియోలోకి ఒక మనిషి కర్ర పోటు వేసుకుంటూ వచ్చాడు.

నలభై ఏళ్లుంటాయి. ఎండకు మాడి, ఎముకలు తేలి ఉన్నాడు. ఎడమ పాదానికి చీలమండ దాకా గుడ్డ చుట్టి ఉంది. మాట్లాడేది తెలుగే గానీ ఏ ఊరి యాసో బాషాకు అంతుపట్టలేదు.

"కోటప్పకొండ ఫోటోలు కావాలి," అన్నాడు.

బాషా ముఖం విప్పారింది. ఆ కొండను బాగా తీసేవాడు పేటలో తనొక్కడే. గోడకున్న పటాలు చూపించాడు. శివరాత్రి నాడు బండ్ల మీద ఎత్తుగా కట్టిన ప్రభలన్నీ బారులు తీరి, వాటి వెనక మూడు శిఖరాలూ మబ్బులో నిలబడిన పటం. తూర్పు పక్క జొన్నచేలల్లోంచి తెల్లవారగానే తీసింది ఇంకొకటి. మెట్లదారి మలుపు దగ్గర నిలబడి తీసింది మరొకటి.

ఆ మనిషి ఒక్కొక్కటే దగ్గరికి వెళ్లి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"బాగున్నయ్. నాక్కావాల్సింది ఇవి కాదు. కొండ చుట్టూ తిరిగి తియ్యాలి. ఊళ్లల్లోంచి, ఇళ్ల వాకిళ్లల్లోంచి చూస్తే ఎట్టా కనబడుద్దో అట్టా తియ్యాలి."

"వాకిళ్లల్లోంచి ఏముంటదండీ? చెట్లూ గోడలూ అడ్డం. కొండ అందంగా కనబడే చోట్లు నాకు తెలుసు, అక్కణ్ణించి తీస్తాను."

"అందం అక్కర్లేదు."

"మరి దేనికి?"

అతను వేలికున్న ఎర్రరాయి ఉంగరం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఉంచుకో. నేను అడిగానని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. నేను నడవలేను, లేకపోతే నేనే తిరిగేవాణ్ణి. రైలు స్టేషను దగ్గర సత్రంలో ఉంటన్నాను."

పేరడిగితే కొంచెం ఆగి, పున్నారావు అన్నాడు. తన పేరు చెప్పడానికి మనిషి ఆగడమేమిటని బాషాకు అప్పుడే అనుమానం తగిలింది. అయినా ఒప్పుకున్నాడు. యుద్ధం వచ్చాక ఫోటోలకు వాడే గ్లాసు ప్లేట్లు దొరకడం కష్టమై, బేరాలు లేక స్టూడియో సగం రోజులు మూసే ఉంటోంది. నిజం చెప్పాలంటే కొండ చుట్టూ కెమెరా వేసుకుని తిరగాలని అతనికీ ఎప్పటి నుంచో ఉంది.

*

కెమెరా పెట్టె, మూడు కాళ్ల స్టాండు సైకిలుకు కట్టుకుని బాషా బయలుదేరాడు. ముందు ఉత్తరం వైపు పల్లెలు తిరిగాడు. నల్లరేగడి నెర్రెలు విచ్చి, సైకిలు తొక్కే వీలు లేక చాలా చోట్ల తోసుకుంటూ నడిచాడు. అతను స్టాండు నిలబెట్టి నల్లగుడ్డలో తల దూర్చేసరికి జనం మూగేవాళ్లు.

"ఏందయ్యా సాయిబూ, ఏం తీస్తన్నావు?"

"కొండను."

"కొండను తియ్యాలంటే కొండ కాడికి పోవాలి గానీ మా దొడ్లో ఏం పని?"

క్యాలెండరు కోసమని అబద్ధం చెప్పాడు. వాళ్లు నమ్మలేదు. మిలిట్రీ వాళ్లు విమానాలు దిగడానికి పొలాలు తీసుకుంటారని అప్పటికే పల్లెల్లో పుకారు. బాషా వంగి కెమెరా అద్దంలోంచి చూస్తుంటే, వెనక ఎవరో "కొలతలేస్తన్నాడు" అనడం వినబడింది.

ఫోటోలు కడిగి సత్రానికి పట్టుకెళ్లాడు. పున్నారావు వాటిని కిటికీ వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పటంలో ఉన్న ఊరూ మనుషులూ అతనికి పట్టలేదు. శిఖరాల అంచు వెంబడే వేలు జరిపాడు.

"ఇట్టా కాదు. పెద్ద శిఖరం వెనక నుంచి చిన్నది కాస్తే కనబడాలి. తల్లి వీపున ఉన్న బిడ్డ భుజం మీంచి తొంగి చూసినట్టు."

"ఎటు నుంచి చూసినా మూడూ కనబడతాయండీ ఆ కొండకి. అందుకే దానికి త్రికూటమని పేరు."

"మూడూ కనబడతయ్. నేను కాదన్లేదు. ఒకటి మాత్రం తొంగి చూడాలి." కళ్లు ఎత్తకుండానే అన్నాడు. "ఇంకా పడమటికి పో."

గది బయటికి వచ్చి బాషా వెనక్కి తిరిగి చూశాడు. పున్నారావు బొగ్గుముక్కతో గోడ మీద ఏదో గీస్తున్నాడు. బాషా చూస్తున్నాడని తెలియగానే అరచేత్తో చెరిపేశాడు.

ఇంటికి వెళ్లి భార్య మస్తాన్‌బీతో చెప్పాడు. ఆమె పీట మీద నుంచి లేచి నిలబడింది.

"విమానంలో వచ్చేవాడికి కొండ గుర్తు కావాలి. ఏ పక్క నుంచి వస్తే ఎట్టా కనబడుద్దో తెలియాలి. అందుకే తీయిస్తన్నాడు. వాడు జపానోళ్ల మనిషి."

"మనిషి తెలుగువాడే కదా."

"తెలుగువాడికి డబ్బిస్తే చెయ్యడా? ఆ ఉంగరం ఏ దేశందో చూశావా? రేపు పోలీసులు వస్తే పట్టుకునేది వాణ్ణి కాదు. పటాలు తీసింది నువ్వు. పైగా తురక పేరు."

ఆ మాట బాషాకు గుచ్చుకుంది. పోలీసు స్టేషనుకు వెళ్లి చెబుదామని ఒక పూటంతా తర్జనభర్జన పడ్డాడు. చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావంటారు. చెప్పకపోతే రేపు ఎవరో చెబుతారు. ఆఖరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. పడమటి పక్క కూడా తీసి ఇచ్చి, అసలు సంగతేమిటో ఆ మనిషిని నిలదీసి అడగాలి. జవాబు సరిగా లేకపోతే అక్కణ్ణించి నేరుగా పోలీసుల దగ్గరికే.

*

కొండకు పడమర పల్లంలో ఒక చిన్న పాలెం ఉంది. బాషా అక్కడికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊళ్లో సందు వెంట నడుస్తూ కొండ వంక చూసుకుంటూ పోయాడు. ఒక గొడ్లచావడి పక్కన, గడ్డివామికీ మట్టిగోడకీ నడుమ ఆగిపోయాడు.

పెద్ద శిఖరం ఎండలో ఎర్రగా నిలబడి ఉంది. దాని భుజం మీంచి చిన్న శిఖరం కాస్తంత, అచ్చం తొంగి చూస్తున్నట్టే ఉంది. రెండడుగులు ఇటు వేస్తే పూర్తిగా బయటపడుతోంది, అటు వేస్తే మరీ సన్నబడుతోంది.

గబగబా స్టాండు నిలబెట్టాడు. ప్లేటు పెట్టి తీసి, గుడ్డలోంచి తల బయట పెట్టేసరికి భుజం మీద చెయ్యి పడింది.

"నా గొడ్లచావడి కొలుస్తన్నావా?"

ముప్పయ్యేళ్ల మనిషి, పేరు రోశయ్య. ఆ ఇల్లు వాళ్లదే. అతని కేకకు నలుగురైదుగురు కర్రలు పట్టుకుని వచ్చారు. ఒకడు కెమెరా లాక్కున్నాడు. మునసబుకు కబురు పంపాలని ఇంకొకడు అరిచాడు. ఇంట్లోంచి రోశయ్య తల్లి వీరరాఘవమ్మ బయటికి వచ్చింది. తెల్లటి జుట్టు, గట్టి గొంతు. ఆమె రాగానే మగవాళ్లు కాస్త పక్కకు జరిగారు.

"నిన్ను పంపిందెవరు సాయిబూ? నిజం చెప్పు. క్యాలెండరు కథ పక్కూరోళ్లకి చెప్పావంట, నాకు చెప్పమాక."

బాషా ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాడు. కానీ కెమెరా పోతే బతుకే పోతుంది.

"ఒకాయన. సత్రంలో ఉన్నాడు. కాలికి పుండు. పెద్ద శిఖరం వెనక నుంచి చిన్నది తొంగి చూసే చోటు వెతకమన్నాడు. రంగూన్ నుంచి నడిచి వచ్చినవాడని సత్రం కాపలాదారు అంటన్నాడు. అంతకన్నా నాకు తెలీదమ్మా."

రంగూన్ అనే మాట వినగానే వీరరాఘవమ్మ ముఖంలో కోపం పోయింది. దాని చోట వచ్చినదేమిటో బాషా చెప్పలేకపోయాడు. భయం లాగా ఉంది. ఆమె మిగతావాళ్ల వైపు తిరిగి, "కెమెరా ఇచ్చెయ్యండిరా. పోండి. ఇది మా ఇంటి సంగతి," అంది.

అందరూ పోయాక మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఎదురుగా కూర్చుని ఒకటే ప్రశ్నలు. వయసెంత? ఒక్కడేనా, వెంట ఇంకెవరన్నా ఉన్నారా? ప్లీడర్ల దగ్గరికి పోతన్నాడా? కాయితాలేమన్నా ఉన్నయ్యా? బాషా తెలియదు తెలియదంటూనే మజ్జిగ తాగాడు.

"రేపు పొద్దున తీసుకురా," అంది ఆఖరికి. "నేను అడిగానని చెప్పమాక. ఆ చోటు దొరికిందని చెప్పు, చాలు."

సైకిలు ఎక్కాక బాషాకు ఈవిడ మీద కూడా అనుమానం మొదలైంది. ఆ మనిషిని రప్పించి ఏం చేస్తారు? తను బయలుదేరినప్పుడు రోశయ్య చేతిలో కర్ర ఇంకా అట్లాగే ఉంది.

*

ఫోటో చేతిలో పెట్టగానే పున్నారావు చూశాడు. వెంటనే దాన్ని బోర్లించి మంచం మీద పెట్టేశాడు.

"ఇప్పుడు చెప్పాలి," అన్నాడు బాషా, తలుపుకు అడ్డంగా నిలబడి. "మీరెవరు? చెప్పకపోతే ఇట్నించి ఇటే పోలీసు స్టేషనుకు పోతాను. ఆ ఊళ్లో నన్ను చంపబోయారు."

పున్నారావు నేల వంక చూస్తూ చెప్పాడు.

అతని తండ్రి పేరు కోటయ్య. కొండ కింద ఏదో ఊళ్లో ఆయనకూ తమ్ముడికీ పొలం గట్టు దగ్గర గొడవైంది. కోపం మీద పార పిడితో తమ్ముణ్ణి నెత్తిన కొట్టాడు. తమ్ముడు రక్తం మడుగులో పడిపోయాడు, కదల్లేదు. కోటయ్య ఇంటికి పరిగెత్తి, భార్యనూ చంటిబిడ్డనూ తీసుకుని ఊరు దాటాడు. కాకినాడలో ఓడ ఎక్కి రంగూన్ చేరి, ధాన్యం మిల్లులో కూలికి కుదిరాడు. బతికినన్నాళ్లూ ఊరి పేరు కొడుక్కి చెప్పలేదు. చెబితే కొడుకు అక్కడికి పోతాడనీ, తన పాపం వాడి మెడకు చుట్టుకుంటుందనీ ఆయన భయం. కొండ సంగతి మాత్రం చెప్పేవాడు. గొడ్లచావడి పక్కన నిలబడితే ఎట్లా కనబడుతుందో ప్రతిరోజూ చెప్పేవాడు.

"రంగూన్ మీద బాంబులు పడ్డాక నడిచి వచ్చాం. అడవిలో మా ఆవిడకు జ్వరం వచ్చింది. అక్కడే పోయింది. మా అమ్మా నాయనా అంతకు ముందే పోయారు. నాకింక ఎవరూ లేరు బాషా గారూ. ఆ ఊరోళ్ల కాళ్ల మీద పడి క్షమించమని అడగాలి. కానీ ఖూనీ చేసిన కోటయ్య కొడుకునని చెప్పుకుంటూ ఊరూరా ఎట్టా అడగను? ఖూనీకి ఎన్నేళ్లయినా కేసు పోదంట. అందుకని కొండను పట్టుకున్నాను."

బాషా విన్నాడు. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి గానీ, మనసులో ఒక మూల నమ్మలేదు. ఆ రోజుల్లో బర్మా నుంచి వచ్చామని చెప్పుకుని అన్నం తిన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అతన్ని తీసుకురమ్మన్న ఆవిడ సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పేశాడు.

పున్నారావు తెల్లబోయాడు. "ప్లీడర్ల గురించి అడిగిందా? కాయితాల గురించా?"

"అడిగింది. ఆలోచించుకోండి. వాళ్లు మంచిగా పిలుస్తున్నారో లేదో నాకైతే తెలీదు."

"చచ్చిపోయినాయన భార్య అయ్యుంటది," అన్నాడు పున్నారావు. కర్ర అందుకుని లేచాడు. "జట్కా పిలువు."

*

వాళ్లు వెళ్లేసరికి వీరరాఘవమ్మ వాకిట్లో నిలబడి ఉంది. రోశయ్య గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు. ఆమె పున్నారావును కాలి కట్టు నుంచి జుట్టు దాకా చూసింది.

"ఎవరబ్బాయివి?"

"కోటయ్య కొడుకుని."

"కోటయ్య కొడుకునని ఎవడైనా చెప్తాడు. మాకు పొలం ఉందని తెలిసి వచ్చావా? ఎవరు నేర్పి పంపారు నిన్ను?"

"పొలం నాకొద్దమ్మా. చచ్చిపోయినాయన పేరు మీద మీ కాళ్లు పట్టుకుని పోతాను."

"చచ్చిపోయిందెవరు?" అంది ఆమె.

చావడిలో నులకమంచం కిర్రుమంది. బక్కచిక్కిన ముసలాయన ఒకడు చేతికర్రతో, గోడ పట్టుకుంటూ బయటికి వచ్చాడు. బట్టతల మీద, ఎడమ చెవి పైన, వేలు పట్టేంత సొట్ట ఉంది.

"ఎవరే? గట్టిగా చెప్పు, ఈ చెవి వినబడదు," అన్నాడు.

పున్నారావు ఆ సొట్ట వంకే చూస్తూ నేల మీద కూలబడిపోయాడు. ఆయన సాంబయ్య. కోటయ్య తమ్ముడు. ఎవరు చనిపోయాడనుకుని అన్న ఊరు విడిచి పారిపోయాడో, ఆ తమ్ముడు.

రోశయ్య తండ్రి చెవిలో అరిచి చెప్పాడు. సాంబయ్య కొడుకును తోసుకుంటూ ముందుకు వచ్చాడు. "మా అన్న ఏడీ?"

"మా నాయన పోయాడయ్యా. మిమ్మల్ని చంపాననుకుంటానే పోయాడు."

ముసలాయన కర్ర ఎత్తాడు, కొట్టేవాడిలాగా. "అబద్ధం! నేను బతికున్నానని కబురు పెట్టాను. గట్టు కాడ జారిపడ్డానని ఊరందరికీ చెప్పి, కేసు లేకుండా చేసి, మా అన్న ఓడెక్కాడని విని, మన ఊరి దానయ్య రంగూన్ పోతంటే వాడితో కబురు పెట్టాను. దానయ్య మిల్లు కాడ అడిగి అడిగి ఇల్లు కనుక్కుని పోయాడంట. పోతే..."

"పోతే పొయ్యి మీద అన్నం ఉడుకుతా ఉంది," అన్నాడు పున్నారావు. "ఇంట్లో ఎవరూ లేరు."

వీరరాఘవమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి దానయ్య తమ ఇంటి నాలుగు గోడల మధ్యే చెప్పాడు. ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

"మా నాయన మిల్లు నుంచి పరిగెత్తుకుంటా వచ్చాడు. మన దేశం మనిషెవరో నా పేరు అడుగుతన్నాడు, నన్ను పట్టుకోడానికే వచ్చాడన్నాడు. మా అమ్మ అన్నం వార్చనన్నా లేదు. నన్ను చంకనెత్తుకుని నది అవతలికి పారిపోయారు. ఆ తర్వాత మా నాయన పేరు కూడా మార్చుకున్నాడు."

సాంబయ్య కర్ర జారిపోయింది. ఆయన నేల మీద చతికిలబడి, పున్నారావు ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని, గడ్డం, ముక్కు, నుదురు తడిమి చూశాడు.

"ఒరేయ్ రోశయ్యా," అన్నాడు చివరికి. "మీ అన్నకి కాళ్లకి నీళ్లివ్వరా."

*

అంతటితో అన్నీ తీరిపోలేదు. వీరరాఘవమ్మకు మనిషి మీద నమ్మకం కుదిరినా, మనిషి ఉద్దేశం మీద కుదరలేదు. పున్నారావు పొలం వద్దు వద్దంటున్న కొద్దీ ఆమెకు దిగులు పెరిగింది. పాలేరులా కష్టపడతాడు, పెట్టింది తింటాడు, ఒక్క మాట అడగడు. అడగని మనిషి మనసులో ఏముందోనని ఆమె తిండి మానేసినంత పని చేసింది. ఒకరోజు బాషా పున్నారావు ఉంగరం తిరిగి ఇవ్వడానికి వస్తే, అతని ముందే మొగుడితో తేల్చి చెప్పింది.

"ఇవాళ వద్దంటాడు. రేపు పెళ్లయితే కావాలంటాడు. ఆ వచ్చేది కోర్టుకు లాగుద్ది. మా బావగారి వాటా ఆ పడమటి చెక్క అతనికి రాసిచ్చెయ్యండి. అప్పుడు గానీ నాకు కంటి మీద కునుకు పట్టదు."

రోశయ్య గొణిగాడు గానీ తల్లి మాటకు ఎదురు చెప్పలేదు. సాంబయ్య నవ్వాడు.

బాషాకు కూడా చిక్కు తప్పలేదు. పల్లెల్లో ఎవరో పెట్టిన కబురుతో పోలీసులు స్టూడియోకి వచ్చి, కొండ ప్లేట్లన్నీ, వాటితో పాటు అతన్నీ పట్టుకుపోయారు. అతను జరిగిందంతా చెబితే, పెద్ద శిఖరం వెనక చిన్నది తొంగి చూడటమేందయ్యా అని స్టేషను రైటరు పగలబడి నవ్వి, లోపల కూర్చోబెట్టాడు. మస్తాన్‌బీ ఏడుస్తూ పాలెం పోయింది. వీరరాఘవమ్మ బండి కట్టించుకుని వచ్చి స్టేషను వరండాలో నిలబడి, ఈ సాయిబు తీసిన పటం పట్టుకునే మా బిడ్డ ఇంటికి చేరాడు, ఇతన్ని లోపల పెడితే మమ్మల్నందర్నీ పెట్టమంది. సాయంత్రానికి వదిలేశారు. ప్లేట్లు మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాత బాషా ఆ వైపు పోయినప్పుడల్లా వాళ్ల ఇంట్లో మజ్జిగ తాగి వచ్చేవాడు. సాంబయ్య పొద్దున్నే మంచం వాకిట్లో వేయించుకుని, పున్నారావు పొలం పోయే ముందు రోజూ అదే మాట అడుగుతుండేవాడు.

"మీ నాయన నన్ను తిట్టుకునేవాడా?"

"లేదు చిన్నాన్నా," అనేవాడు పున్నారావు ఆయన మంచి చెవి దగ్గర వంగి. "ఒక్క రోజన్నా తిట్టుకోలేదు."

అది నిజమో కాదో బాషా ఎన్నడూ అడగలేదు.